కటింగ్ మ్యాట్ మీద ఇస్త్రీ చేయొచ్చా? బొంతలు కుట్టేవాళ్ల కోసం పూర్తి వివరం

బొంత కుట్టడంలో మిషన్ ముందు కూర్చునే సమయం కంటే కోయడానికి, ఇస్త్రీ చేయడానికి పట్టే సమయమే ఎక్కువ. రెండు ముక్కలు కోస్తాం, కలిపి కుడతాం, కుట్టిన ముక్కలు తెరిచి ఇస్త్రీ పెడతాం, అంచులు సరిచేస్తూ మళ్లీ కోస్తాం. ఒక్క బ్లాకు, అంటే ముక్కలు కలిపి కుట్టిన ఒక చదరం, పూర్తయ్యేసరికి ఇది పది పన్నెండు సార్లు తిరుగుతుంది. ప్రతిసారీ లేచి ఇస్త్రీ బల్ల దాకా వెళ్లి రావాలంటే ఎవరికైనా విసుగే. ఎదురుగా టేబుల్ మీద చదునుగా, గట్టిగా, కొలతల గళ్లతో కటింగ్ మ్యాట్ ఉంది. చిన్న కుట్టే కదా, దీని మీదే ఒక్కసారి ఇస్త్రీ పెట్టేస్తే ఏమవుతుందన్న ఆలోచన సహజంగానే వస్తుంది.

నాకూ వచ్చింది. మ్యాట్ మీద తువ్వాలు నాలుగు మడతలు వేసి, దాని మీద రెండు ముక్కల కుట్టును ఆవిరితో ఒత్తాను. గుడ్డకు ఏమీ కాలేదు, తువ్వాలూ బాగానే ఉంది. తువ్వాలు తీసి చూస్తే మాత్రం మ్యాట్ మీద నిటారుగా ఉండాల్సిన గళ్ల గీతలు ఒక చోట నీళ్లలో నీడలా వంకర తిరిగి ఉన్నాయి. వేలితో తడిమితే చిన్న గుంట, దాని చుట్టూ ఉబ్బు. మర్నాడు దాని మీద స్కేలు పెడితే టక్ టక్ మని ఊగింది. అప్పుడే అర్థమైంది, ఆ మ్యాట్ ఇక ఆ చోట కోతకు పనికిరాదని.

అందుకే సమాధానం ముందే చెప్తున్నాను. మామూలు కటింగ్ మ్యాట్ మీద ఇస్త్రీ చేయకూడదు. తువ్వాలు వేసినా, దుప్పటి మడిచి వేసినా, చిన్న ఇస్త్రీ పెట్టె అయినా కూడదు. దీనికి మార్గం ఏమిటంటే, మ్యాట్ పక్కనే పట్టేంత చిన్న ఇస్త్రీ పలక పెట్టుకోవడం. అది మీరే చేసుకోవచ్చు. ఎలాగో కింద వివరంగా రాశాను.

మ్యాట్ ఎందుకు వంకర పోతుంది

బొంతల పనిలోకి ఈ మ్యాట్‌లు రావడానికి కారణం రోటరీ కట్టర్. గుండ్రటి బ్లేడు దొర్లుతూ కోసే ఈ పనిముట్టును జపాన్ కంపెనీ ఓల్ఫా 1979లో తెచ్చింది. కత్తెరతో కోసినంత కాలం కింద ఏముందన్నది ఎవరికీ పట్టలేదు. బ్లేడును పైనుంచి నొక్కి దొర్లించాలంటే మాత్రం టేబుల్ పాడవకుండా, బ్లేడు మొండిబారకుండా కింద ఏదో ఒకటి కావాలి. దానికోసమే ఈ మ్యాట్.

బ్లేడు దిగిన కోత మళ్లీ మూసుకుపోయే సెల్ఫ్ హీలింగ్ మ్యాట్‌లు ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్‌తో చేసినవి. కొన్ని పొరలను కలిపి ఒత్తి తయారుచేస్తారు. పైపొర మెత్తగా ఉండటం వల్లే బ్లేడు దిగినా ఆ చీలిక మూసుకుపోతుంది. ఆ మెత్తదనమే వేడి దగ్గర బలహీనత అవుతుంది. గట్టి పీవీసీ కూడా 80 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో బిగువు కోల్పోతుంది. మెత్తదనం కోసం వేరే పదార్థాలు కలిపిన పీవీసీ అంతకంటే ముందే లొంగుతుంది.

ఇప్పుడు ఇస్త్రీ పెట్టె సంగతి చూడండి. బట్టల లేబుళ్ల మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో కనిపించే చుక్కలకు అర్థం ఉంది. ఒక చుక్క అంటే సుమారు 110 డిగ్రీలు మించకూడదు, రెండు చుక్కలంటే 150, మూడు చుక్కలంటే 200. బొంతలకు వాడేది ఎక్కువగా నూలు గుడ్డ కాబట్టి మనం పెట్టేది మూడు చుక్కల వేడి. అన్నిటికంటే తక్కువ వేడి పెట్టినా అది మ్యాట్ తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువే. కొన్ని పల్చటి మ్యాట్‌లు పాలీప్రొపిలీన్‌తో ఉంటాయి. అవి కాస్త ఎక్కువ తట్టుకున్నా, ఆ ప్లాస్టిక్ 160 డిగ్రీల చుట్టుపక్కల కరిగేదే. నూలు వేడికి అదీ ఆగదు.

తువ్వాలు ఎందుకు కాపాడలేదన్నది నాకు చాలా రోజులు అర్థం కాలేదు. తప్పు ఆవిరిది. ఇస్త్రీ పెట్టె నుంచి వచ్చే ఆవిరి వేడి 100 డిగ్రీలు. అది గుడ్డలోంచి, తువ్వాలు పోగుల మధ్య నుంచి కిందికి దిగి, చల్లగా ఉన్న మ్యాట్ తగలగానే నీరుగా మారుతుంది. అలా మారేటప్పుడు తనలోని వేడినంతా అక్కడే వదిలేస్తుంది. పొడి వేడిని తువ్వాలు కొంతసేపు ఆపగలదు గానీ ఆవిరిని ఆపలేదు. పైగా మ్యాట్ లోంచి నీరు ఇంకదు కాబట్టి తడి, వేడి రెండూ తువ్వాలుకూ మ్యాట్‌కూ మధ్య చిక్కుకుంటాయి. ఇస్త్రీ పెట్టె తీసేశాక కూడా ఆ చోటు వేడిగానే ఉంటుంది.

ఇస్త్రీ ఒక్కటే కాదు, ఎండ తగిలే కిటికీ దగ్గర పెట్టినా, ఎండలో నిలిపిన కారులో వదిలేసినా, పొగలు కక్కే కప్పు మ్యాట్ మీద పెట్టినా ఇలాగే జరుగుతుంది. గోడకు ఒరగబెట్టి నిలబెడితే వేడి రోజుల్లో నడుం వంగిపోతుంది. దాచేటప్పుడు చదునుగా పడుకోబెట్టండి, లేదా పైనున్న రంధ్రానికి కొక్కెం తగిలించి నిటారుగా వేలాడదీయండి.

మ్యాట్ కాస్త వంగితే అంత నష్టమా అనుకోకండి. ఉబ్బు మీద స్కేలు నిలవదు. గుంట మీద బ్లేడు ఆనదు, అక్కడ రెండు మూడు పోగులు తెగకుండా మిగులుతాయి. తెగలేదని రెండోసారి బ్లేడు తిప్పితే అంచు నలుగుతుంది. ఒక్కో ముక్కలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా ఎనిమిది ముక్కల వరస కుట్టేసరికి 8 మిల్లీమీటర్లు పోతాయి. బొంతలో కుట్టు కోసం వదిలే అంచే పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు. ఆ 8 మిల్లీమీటర్లు తేడా ఉన్న వరసను పక్క వరసతో కలపడం ఎంత కష్టమో కుట్టినవాళ్లకు తెలుసు.

రెండు వైపులా వాడే మ్యాట్‌ల మాట

ఒకవైపు కోతకు గళ్ల మ్యాట్, రెండోవైపు గుడ్డ కప్పిన మెత్తటి ఇస్త్రీ తలం ఉండే మ్యాట్‌లు దొరుకుతాయి. పుస్తకంలా మడతపెట్టి తీసుకెళ్లేవీ ఉన్నాయి. తరగతులకు వెళ్లేవాళ్లకు ఇవి బాగా పనికొస్తాయి. ఇందులో కూడా ఇస్త్రీ చేయాల్సింది గుడ్డ వైపే. గళ్ల వైపు మామూలు కటింగ్ మ్యాటే, దానికి వేడి తట్టుకునే శక్తి ఏమీ అదనంగా ఉండదు. కొనేముందు ప్యాకెట్ మీద ఆవిరి వాడొచ్చని రాసి ఉందో లేదో చూడండి. రాయకపోతే పొడి ఇస్త్రీతోనే సరిపెట్టుకోండి, ఒకే చోట పెట్టె నిలపకండి. ఇంకో జాగ్రత్త, ఇస్త్రీ వైపు పైకి తిప్పి దాన్ని మీ పెద్ద కటింగ్ మ్యాట్ మీద పెట్టకండి. నేరుగా టేబుల్ మీదే పెట్టండి.

ఇస్త్రీ పలక చేసుకోవడం

ఇది గంట, గంటన్నర పని. ఒకసారి చేసుకుంటే ఏళ్ల తరబడి ఉంటుంది, పైగుడ్డ మాసిపోయినప్పుడు మార్చుకుంటే చాలు. బొంతల పనికి మామూలు ఇస్త్రీ బల్ల కంటే ఇదే మేలని నా అభిప్రాయం. ఇస్త్రీ బల్ల మీద స్పాంజి మెత్తగా ఉండి ముక్క కిందికి దిగిపోతుంది, కుట్టు సరిగా అణగదు. పలక గట్టిగా ఉంటుంది కాబట్టి బ్లాకు కాగితంలా చదునుగా వస్తుంది.

ముందు కొలత. మీరు కుట్టే బ్లాకుల్లో పెద్దది ఎంతుందో చూసుకోండి. 12 అంగుళాల బ్లాకులు కుట్టేవాళ్లకు 40 సెంటీమీటర్లు వెడల్పు, 50 సెంటీమీటర్లు పొడవు ఉన్న పలక సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే టేబుల్ మీద మ్యాట్ పక్కన పట్టదు.

పలకకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ తీసుకోండి. పైన ప్లాస్టిక్ రేకు అతికించినది, రంగు లేదా వార్నిష్ వేసినది వద్దు. వేడికి, ఆవిరికి ఆ పూత లేస్తుంది, గుడ్డకు అంటుకుంటుంది. అంచులు నాలుగూ, ముఖ్యంగా మూలలు, ఉప్పుకాగితంతో బాగా రుద్ది నున్నగా చేయండి. ఈ పని వదిలేస్తే పైగుడ్డ మూలల దగ్గర త్వరగా చిరుగుతుంది. రుద్దాక పొడి గుడ్డతో దుమ్మంతా తుడవండి.

తర్వాత మధ్యపొర. ఇది నూరు శాతం నూలు బ్యాటింగ్ (బొంత మధ్యలో నింపే మెత్తటి పొర) అయి ఉండాలి, రెండు పొరలు వేయండి. బ్యాటింగ్ లేకపోతే పాత నూలు దుప్పటి గానీ, ఉన్ని కంబళి ముక్క గానీ వేసుకోవచ్చు. పాలిస్టర్ బ్యాటింగ్ మాత్రం వద్దు. బొంతలో నింపడానికి అది మంచిదే. ఇక్కడ మాత్రం రోజూ మూడు చుక్కల వేడి తగిలేసరికి అణగారి గడ్డలు కడుతుంది. స్పాంజి కూడా అంతే. నూలా పాలిస్టరా అని అనుమానం ఉంటే రెండు పోగులు లాగి ఆరుబయట, నీళ్లు దగ్గర పెట్టుకుని, పటకారుతో పట్టి వెలిగించండి. నూలు కాగితం కాలిన వాసనతో బూడిద అవుతుంది. పాలిస్టర్ కుంచించుకుపోయి గట్టి పూసలా మిగులుతుంది.

పైగుడ్డకు కాన్వాస్ లాంటి మందపాటి నూలు గుడ్డ బాగుంటుంది. లేత రంగుదే తీసుకోండి. ముదురు రంగు వేడికి, తడికి దిగి మీ తెల్ల ముక్కలకు అంటొచ్చు. గుడ్డనూ, దుప్పటి వాడితే దాన్నీ, వేడి నీళ్లలో ఉతికి ఆరబెట్టాకే వాడండి. లేకపోతే పలక మీద ఆవిరికి కుదించుకుని మూలలు లాగేస్తాయి. గళ్లు అచ్చేసిన గుడ్డ వాడితే కొలత చూసుకోవచ్చని కొందరు అంటారు. నేను మాత్రం సాదా గుడ్డే వాడతాను. బిగించేటప్పుడు గుడ్డ ఎంతో కొంత సాగుతుంది, ఆ గళ్లను నమ్మితే మోసపోతాం.

ఇక బిగించడం. బ్యాటింగ్‌ను పలక కంటే నాలుగు వైపులా 3 సెంటీమీటర్లు ఎక్కువ, పైగుడ్డను 8 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా కోయండి. టేబుల్ మీద ముందు పైగుడ్డను తిరగేసి పరవండి. దాని మీద బ్యాటింగ్, ఆపైన పలక. ముడతలు లేవని చేత్తో తడిమి చూసుకోండి. ఒక పక్క గుడ్డను పలక మీదికి మడిచి సరిగ్గా మధ్యలో స్టేప్లర్ గన్‌తో ఒక్క పిన్ను కొట్టండి. వెంటనే ఎదుటి పక్కకు వెళ్లి, గుడ్డను బిగువుగా లాగి అక్కడా మధ్యలో ఒక పిన్ను. అలాగే మిగతా రెండు పక్కలు. ఇప్పుడు గుడ్డ నాలుగు చోట్ల మాత్రమే పట్టి ఉంటుంది. అక్కడి నుంచి మూలల వైపు వెళ్తూ 4 సెంటీమీటర్లకు ఒక పిన్ను చొప్పున, ఈ పక్క రెండు, ఎదుటి పక్క రెండు, ఇలా మార్చి మార్చి కొట్టండి. ఒకే పక్కంతా ముందు కొట్టేస్తే గుడ్డ పోగులు ఏటవాలుగా బిగిసి ముడతలు పడతాయి.

మూలల దగ్గర 5 సెంటీమీటర్లు వదిలేయండి. మూల గుడ్డను ముందు త్రికోణంలా పలక మధ్యకు లాగి ఒక పిన్ను కొట్టండి. అటూ ఇటూ లేచిన మడతలను కవరు మూసినట్టు ఒకదాని మీద ఒకటి మడిచి బిగించండి. అడుగున బ్యాటింగ్ లావుగా అనిపిస్తే ఆ మూలలో కొంచెం కత్తిరించేయండి. పిన్ను కాళ్లు 8 మిల్లీమీటర్లు మించకూడదు, పొడవైతే పలక దాటి పైకి పొడుచుకొస్తాయి. జిగురు ఎక్కడా వాడొద్దు, వేడికి కరిగి పైకి ఊరుతుంది.

చివరగా అడుగున నాలుగు మూలల్లో చిన్న చెక్క ముక్కలు గానీ, మందపాటి ఫెల్ట్ బిళ్లలు గానీ పెట్టండి. పలకకూ టేబుల్‌కూ మధ్య గాలి ఆడాలి. లేకపోతే దిగిన తడి టేబుల్ పాలిష్ మీద తెల్లటి మచ్చలు వేస్తుంది.

వాడే ముందు పరీక్షించండి. ఆవిరి ఆపేసి, మూడు చుక్కల వేడి పెట్టి, పలకంతా రెండు మూడు నిమిషాలు ఇస్త్రీ చేయండి. తర్వాత పలక ఎత్తి అడుగున అరచేయి ఆనించండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చేయి ఆగనంత వేడి ఉంటే ఇంకో పొర బ్యాటింగ్ వేయాల్సిందే.

ఉన్నితో ఒత్తి చేసిన, సుమారు అర అంగుళం మందం ఉండే ఇస్త్రీ మ్యాట్‌లు కూడా దొరుకుతాయి. ఉన్ని వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి ముక్కకు కింద నుంచి కూడా వేడి తగిలి కుట్టు బాగా అణుగుతుంది. ఆవిరి వాడితే కొంచెం తడి ఉన్ని వాసన వస్తుంది, అది మామూలే. కానీ తడి కిందికి దిగుతుంది. అందుకే దాన్నీ కటింగ్ మ్యాట్ మీద పెట్టొద్దు, ప్లైవుడ్ ముక్క మీద పెట్టండి. పని అయ్యాక నిలబెట్టి ఆరనివ్వండి.

టేబుల్ మీద దేని చోటు దానికి

కుడిచేతివాళ్లయితే కటింగ్ మ్యాట్ మీ ముందు, ఇస్త్రీ పలక కుడివైపు, ఇస్త్రీ పెట్టె పలకకు ఆవల ఉండేలా పెట్టుకోండి. ఎడమచేతివాళ్లు దీన్ని తిరగేసుకోవాలి. ముఖ్యమైనది ఒక్కటే, ఇస్త్రీ పెట్టె గానీ దాని తీగ గానీ మ్యాట్ మీదుగా పోకూడదు. తీగ మోచేతికి తగిలి పెట్టె పడిందంటే, పడేది మ్యాట్ మీదే. మ్యాట్‌కూ పలకకూ మధ్య కనీసం జానెడు ఎడం ఉంచండి, ఆవిరి పక్కకు కూడా కొడుతుంది.

రోటరీ కట్టర్ వాడిన ప్రతిసారీ బ్లేడు మూసేయండి. ఇస్త్రీ పెట్టె కోసం చూడకుండా చేయి చాపేటప్పుడు దారిలో తెరిచిన బ్లేడు ఉండకూడదు.

ఇస్త్రీ పెట్టె రుద్దకుండా, ఒత్తి ఎత్తడం

పలక సిద్ధమైంది కాబట్టి దాన్ని సరిగ్గా వాడటం కూడా చెప్తాను. బట్టలు ఇస్త్రీ చేసినట్టు పెట్టెను ముందుకూ వెనక్కూ తోస్తే బ్లాకు సాగిపోతుంది. క్రాస్‌గా, అంటే పోగులకు ఏటవాలుగా, కోసిన అంచులైతే మరీను, త్రికోణాలు కళ్లముందే ఆకారం మారిపోతాయి. పెట్టెను నిదానంగా దించి, మూడు నాలుగు సెకన్లు ఆనించి, ఎత్తి, పక్కన మళ్లీ దించండి.

కుట్టగానే ముక్కలు విప్పకండి. ముందు మడిచి ఉన్నట్టే కుట్టు మీద ఒకసారి ఒత్తండి. దారం గుడ్డలో కూర్చుంటుంది, మిషన్ బిగువుకు పడిన ముడతలు పోతాయి. తర్వాత ముదురు రంగు ముక్క పైకి ఉండేలా పలక మీద పెట్టి, దాన్ని వేళ్లతో విప్పి, పెట్టె అంచుతో కుట్టు వైపు నుంచి ఒత్తుకుంటూ రండి. అప్పుడు కుట్టు అంచులు ముదురు గుడ్డ కిందికే వెళ్తాయి, లేత గుడ్డలోంచి నీడలా కనిపించవు.

ఒత్తిన ముక్కను వెంటనే మ్యాట్ మీదికి లాగకండి. పలక మీదే అరనిమిషం ఉండనివ్వండి. వేడిగా, తడిగా ఉన్న గుడ్డ చేయి తగిలితే సాగుతుంది. దాన్ని అలాగే కొలిచి కోస్తే చల్లారాక కొలత తప్పుతుంది. నాకు బ్లాకులు ఎందుకు సరిపోవడం లేదో తెలియక చాలాకాలం మిషన్‌ను అనుమానించాను. చల్లారనివ్వడం మొదలుపెట్టాక ఆ టెన్షన్ పోయింది.

ప్రతి కుట్టుకూ వేడి అక్కర్లేదు కూడా. మధ్యలో వచ్చే చిన్న కుట్లను మ్యాట్ మీదే, వేడి లేకుండా ఒత్తేయొచ్చు. ముక్క విప్పి, బొటనవేలి గోటితో కుట్టు పొడవునా ఒకసారి గట్టిగా గీయండి. గోరు నొప్పి పుడితే చిన్న చెక్క రోలర్ దొర్లించండి. జపాన్ కుట్టుపనిలో గీతలు పెట్టడానికి వాడే హెరా అనే బద్ద కూడా దీనికి పనికొస్తుంది. మ్యాట్ గట్టిగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది, కుట్టు చక్కగా పడుకుంటుంది. బ్లాకు అంతా పూర్తయ్యాక పలక మీద ఒక్కసారి ఇస్త్రీ చేస్తే చాలు.

ఇప్పటికే మ్యాట్ కాలిపోయి ఉంటే

ముందు ప్లగ్ తీసేయండి, కిటికీలు తెరవండి. కాలిన ప్లాస్టిక్ వాసన పీల్చడం మంచిది కాదు. పీవీసీ బాగా కాగితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు కూడా వస్తుంది. మ్యాట్ వేడిగా ఉన్నప్పుడు ఎత్తకండి, ఎత్తితే ఇంకా వంగిపోతుంది. ఉన్నచోటే చల్లారనివ్వండి.

ఇస్త్రీ పెట్టె అడుగున ప్లాస్టిక్ అంటుకుని ఉంటే, పెట్టె కాస్త వెచ్చగా ఉన్నప్పుడు చెక్క గరిటె అంచుతో గీకండి. కత్తి, ఇనుప పీచు వాడితే అడుగున గీతలు పడి, అవి తర్వాత ప్రతి గుడ్డనూ పట్టుకుంటాయి. మిగిలిన మరక పోయేదాకా పనికిరాని నూలు గుడ్డ మీద తక్కువ వేడితో రుద్దండి. ఆ గుడ్డకు ఏమీ అంటడం లేదని తేలాకే బొంత ముక్కల జోలికి వెళ్లండి.

మ్యాట్ విషయానికొస్తే, నష్టం రెండు రకాలు. మొత్తం మ్యాట్ పళ్లెంలా కొద్దిగా వంగితే అది చాలావరకు సరవుతుంది. మ్యాట్ చదునుగా పట్టే తొట్టిలో వెచ్చటి నీళ్లు పోసి కొంతసేపు నానబెట్టి, తీసి, తుడిచి, చదునైన నేల మీద పరిచి పైన బరువైన పుస్తకాలు అంతటా సమంగా పేర్చండి. ఒకటి రెండు రోజులు కదపకండి. చదును చేద్దామని దాని మీద మళ్లీ ఇస్త్రీ పెట్టె మాత్రం పెట్టకండి. రెండో రకం, ఒక చోట గుంట పడి ఉబ్బడం, పైపొర మెరుస్తూ గట్టిపడటం. అది ఇక సరికాదు.

అలాంటప్పుడు మ్యాట్ అంతా పారేయక్కర్లేదు. స్కేలును అన్ని దిక్కులా మ్యాట్ మీద నిలువుగా, అంచు ఆనేలా పెట్టి, వెనక నుంచి దీపం వెలుగు పడనివ్వండి. స్కేలు కింద వెలుగు కనిపించని భాగమంతా మంచిదే. దాని చుట్టూ గీత గీసి, లోహపు స్కేలు ఆనించి, గట్టి కటర్ కత్తితో ఒకే గీత మీద పదేసి సార్లు తేలిగ్గా గీసుకుంటూ వెళ్తే తెగుతుంది. ఒక్కసారే తెంచాలని బలంగా నొక్కితే కత్తి జారుతుంది. నా పాత మ్యాట్ నుంచి అలా రెండు ముక్కలు వచ్చాయి. పెద్దది బ్లాకు అంచులు సరిచేయడానికి వాడుతున్నాను, బ్లాకును కదపకుండా మ్యాట్‌నే తిప్పుకోవచ్చు. చిన్నది మిషన్ పక్కన ఉంది, కుట్టు కుట్టగానే గోటితో ఒత్తడానికి.